అనంతపురం లాబ్రడార్, ఇంగ్లండ్ పల్లె కాటేజీ: 17 రోజుల సెలవుకు నాలుగున్నర నెలల తయారీ

జంతువు: లాబ్రడార్ ఆడకుక్క, వయసు 4 ఏళ్లు, బరువు 27 కిలోలు, గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇల్లు అనంతపురం. గమ్యం ఇంగ్లండ్ వాయవ్యాన లేక్ డిస్ట్రిక్ట్‌లో రాతిగోడల మధ్య ఉన్న అద్దె కాటేజీ, రెండు వారాలు. ఇంటివారు నలుగురు. పిల్లల వేసవి సెలవుల్లోనే వెళ్లి రావాలి.

జనవరి మొదటి వారంలో టీకా బుక్కు పట్టుకుని మా పశువైద్యశాలకు వచ్చారు. కాటేజీకి అప్పటికే ఏప్రిల్ 25 నుంచి అడ్వాన్సు కట్టేశారు. బుక్కు చూస్తే ముచ్చటేస్తుంది, మూడేళ్లుగా ప్రతి మార్చిలోనూ రేబిస్ టీకా స్టిక్కర్ ఉంది. "ప్రతి ఏడూ సూది ఏపిచ్చినాం గదా సార్, ఇంకేం కావల్ల?" అన్నది ఇంటాయన ప్రశ్న. దానికి జవాబు అదే బుక్కు చివరి పేజీలో ఉంది. మైక్రోచిప్ (కుక్కను గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే నంబరు చిప్) స్టిక్కర్ అక్కడ అంటించారు, దాని మీద తేదీ ఆగస్టు. చివరి టీకా మార్చిలో, చిప్ ఐదు నెలల తర్వాత. ఈ ఒక్క కారణంతో బ్రిటన్ లెక్కలో ఆ కుక్కకు రేబిస్ టీకా పడనట్టే.

చిప్ ముందు పడాలి, లేదా టీకా వేసిన రోజే టీకాకన్నా ముందు పడాలి. చిప్ లేని కుక్కకు వేసిన సూది ఈ కుక్కకే వేశారనడానికి రుజువు లేదు కదా, నియమం వెనక ఉన్న తర్కం అదే. మన ఊళ్లలో ఎక్కువమంది చిప్‌ను విమానం టికెట్‌తో పాటు గుర్తు చేసుకుంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

తేదీల లెక్క

రేబిస్ విషయంలో బ్రిటన్ గానీ యూరోపియన్ యూనియన్ గానీ భారత్‌ను తమ జాబితా దేశాల్లో చేర్చలేదు. కాబట్టి ఇక్కడి కుక్కకు టీకా ఒక్కటే చాలదు, టీకా పనిచేసిందని రక్తపరీక్ష చూపాలి. వరుస ఇది: చిప్, ఆ తర్వాత రేబిస్ టీకా, కనీసం 30 రోజుల విరామం, రక్తం తీయడం, తీసిన రోజు నుంచి మూడు నెలల ఎదురుచూపు, ప్రయాణానికి ముందు ప్రభుత్వ పశువైద్యాధికారి సర్టిఫికెట్, చివర్లో బద్దెపురుగు మందు. ఇందులో ఏ మెట్టునూ ముందుకు జరపడానికి వీల్లేదు, డబ్బు ఎక్కువ పెట్టినా జరగదు.

ఈ కేసులో జనవరి 9న ముందు స్కానర్‌తో చిప్ చదివి, అది పనిచేస్తోందని రాసుకుని, అదే గంటలో టీకా వేశారు. మార్చి దాకా ఆగాల్సిన పని లేదు, గడువుకు ముందు మళ్లీ వేస్తే కుక్కకు నష్టం ఉండదు. జనవరి 9కి 30 రోజులు కలిపితే ఫిబ్రవరి 8. రక్తం తీసింది ఫిబ్రవరి 12న. మూడు నెలలు కలిపితే మే 12. అంతకు ముందు ఆ కుక్క ఇంగ్లండ్‌లో దిగితే నాలుగు నెలల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు, లేదా వెనక్కి పంపేయవచ్చు. రెండు ఖర్చులూ యజమానివే. ఏప్రిల్ 25 కాటేజీ అక్కడికక్కడే రద్దయింది, అడ్వాన్సులో కొంత పోయింది. కొత్త తేదీ మే 23.

మూడు నెలలు రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. రిపోర్టు మూడు వారాలకు వచ్చినా లెక్క మారదు. ఈ విరామం ఎందుకంటే, టీకాకు ముందే పిచ్చికుక్క కరిచి ఉంటే వైరస్ అప్పటికే నరాల వెంట ప్రయాణం మొదలుపెట్టి ఉంటుంది, టీకా దాన్ని ఆపలేదు. అలాంటి కుక్క ఈ మూడు నెలల్లో జబ్బు బయటపెట్టే అవకాశమే ఎక్కువ. వీధికుక్కల కాట్లు రోజూ చూసే ఊళ్లో ఈ నియమాన్ని వేధింపు అనుకోవడం కష్టం.

రక్తం తీసిన రోజు

సాదా ట్యూబులో 5 మి.లీ. రక్తం తీసి, గడ్డకట్టనిచ్చి, యంత్రంలో తిప్పి, సీరం వేరుచేసి, జెల్ ప్యాకుల మధ్య పెట్టి పంపాలి. సీరం పసుపు రంగులో స్వచ్ఛంగా ఉండాలి, ఎర్రబడితే రక్తకణాలు పగిలాయని అర్థం, ల్యాబ్ వెనక్కి పంపవచ్చు. ల్యాబ్ కూడా ఏదో ఒకటి కాదు, యూరోపియన్ యూనియన్ ఆమోదించిన జాబితాలో ఉన్నదే కావాలి. రేబిస్ యాంటీబాడీలకు పాస్ మార్కు మి.లీ.కి 0.5 అంతర్జాతీయ యూనిట్లు. మునుపటి మూడు టీకాలు కాగితం మీద చెల్లకపోయినా ఒంట్లో పనిచేశాయి, ఈ కుక్కకు 4.1 వచ్చింది. మొదటిసారి టీకా వేసిన కుర్ర కుక్కల్లో, ఒకే సూదితో, కొన్ని 0.5 దాటవు. దాటకపోతే మళ్లీ టీకా, మళ్లీ 30 రోజులు, మళ్లీ మూడు నెలలు. అందుకే తొలిసారి వాటికి మూడు నాలుగు వారాల తేడాతో రెండు సూదులు వేసి, రెండోదాని తర్వాత నెలకు రక్తం తీయడం మంచిది. నెలన్నర దాటనిస్తే యాంటీబాడీలు తగ్గుముఖం పడతాయి.

తప్పు జరగబోయింది ఫారం దగ్గర. చిప్ నంబరులో 15 అంకెలుంటాయి, భారత్ కోడ్‌తో వచ్చే చిప్‌లు 356తో మొదలవుతాయి. ఫారంలో చివరి నాలుగు అంకెలు 4718కి బదులు 4781 అని పడ్డాయి. ఒకరు స్కానర్ తెర చూసి గట్టిగా చదువుతుంటే ఇంకొకరు ఫారం మీద వేలు పెట్టి సరిచూసుకునే పద్ధతి ఉంది కాబట్టి దొరికింది. అది అలాగే పోయుంటే 4.1 అన్న రిపోర్టు వేరే కుక్కది అయ్యేది, మే నెలలో గానీ తెలిసేది కాదు. చిప్‌తో పాటు వచ్చే బార్‌కోడ్ స్టిక్కర్లు దాచుకుంటే చేత్తో రాసే పనే తప్పుతుంది. చాలామంది వాటిని పారేస్తారు.

అదే రోజు ఇంకో ట్యూబు తీసి మామూలు రక్తపరీక్ష చేశారు. ఇది ఏ దేశమూ అడగదు. కానీ రాయలసీమ కుక్కను పది గంటలు విమానం కింది భాగంలో పంపేముందు చేయాల్సిన పరీక్ష ఇదేనని మా అభిప్రాయం. ప్లేట్‌లెట్లు 78 వేలు, రెండు లక్షల పైన ఉండాలి. కిట్ పరీక్షలో ఎర్లీకియా పాజిటివ్. కుక్క మాత్రం చక్కగా తింటోంది, ఆడుతోంది. మన దగ్గర పిడుదులు సంవత్సరం పొడుగునా ఉంటాయి, అవి అంటించే ఈ జబ్బు నెలల తరబడి నిద్రపోయి, ఒత్తిడి తగిలినప్పుడు ముక్కు నుంచి రక్తంగానో, జ్వరంగానో బయటపడుతుంది. అది కొండల మధ్య కాటేజీలో, సెలవురోజు రాత్రి బయటపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వైద్యం: డాక్సీసైక్లిన్ ఉదయం 150, రాత్రి 150 మి.గ్రా., అంటే రోజుకు కిలోకు 11 మి.గ్రా. చొప్పున, 28 రోజులు, ఫిబ్రవరి 13 నుంచి మార్చి 12 దాకా. మాత్రను పెరుగన్నంలో దాచి పెట్టడం మన ఇళ్లలో అలవాటు, ఈ మందుకు అది తగదు. పాలు, పెరుగులోని కాల్షియం మందును కొంత పట్టేసుకుంటుంది. ఉడికించిన కోడిమాంసం ముక్కలో పెట్టి, వెంటనే నీళ్లు తాగించాలి. పొడిగా గొంతులో ఇరుక్కుంటే అన్ననాళం పుండు పడుతుంది. మార్చి 20న ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు.

పిడుదులకు ఫ్లురలానర్ నమిలే మాత్ర ఒకటి, 1000 మి.గ్రా., మే 5న. దీని లెక్కలో చిన్న మెలిక ఉంది. ఇంగ్లండ్ గడ్డిలో ఉండే గొర్రె పిడుదు మీద ఇది 12 వారాలు పనిచేస్తుంది, మన గోధుమరంగు కుక్క పిడుదు మీద 8 వారాలే. మే 5కి 8 వారాలు కలిపితే జూన్ 30, తిరుగు ప్రయాణం దానికి లోపలే. మన పిడుదు ఇంగ్లండ్ చలిలో బయట బతకదు. వెచ్చగా ఉండే ఇంట్లో మాత్రం గోడ పగుళ్లలో గుడ్లు పెట్టి సంసారం చేస్తుంది. అద్దె కాటేజీలో దాన్ని వదిలిరావడం మర్యాద కాదు.

బోను

విమానంలో బ్రిటన్‌కు వచ్చే కుక్క సరుకుగానే దిగాలి. క్యాబిన్లో ఒళ్లో పెట్టుకోవడం, సామానుగా చెకిన్ చేయడం రెండూ కుదరవు, చిన్న కుక్కకైనా ఇంతే. యూరప్‌లో దిగి, కారులో ఇంగ్లిష్ చానల్ కింది సొరంగం రైలు ఎక్కించుకుని వచ్చేవాళ్లున్నారు. అప్పుడు యూరప్‌కు ఒక సర్టిఫికెట్, బ్రిటన్‌కు ఒకటి, బద్దెపురుగు మందు గంటలు బ్రిటన్ సరిహద్దు నుంచి లెక్క. నలుగురు మనుషులు, రెండు వారాల సెలవు ఉన్న ఈ ఇంటికి అది నప్పలేదు, బెంగళూరు నుంచి లండన్‌కు నేరు విమానమే ఎంచుకున్నారు.

బోను కొలతలు ఐయాటా (విమానసంస్థల అంతర్జాతీయ సంఘం) నిబంధనల ప్రకారం ఇలా తీయాలి. కుక్కను నిలబెట్టి నాలుగు కొలతలు: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి మోచేతి కీలు దాకా, భుజాల దగ్గర వెడల్పు, నేల నుంచి తల పైభాగం దాకా. చెవులు నిక్కబొడిచే జాతి అయితే చెవి కొస దాకా. ఈ కుక్కకు వరుసగా 86, 29, 23, 68 సెం.మీ. వచ్చాయి. బోను లోపలి పొడవు మొదటి కొలతకు రెండోదాంట్లో సగం కలపాలి: 86, 14.5 కలిసి 100.5. వెడల్పు భుజాలకు రెట్టింపు: 46. ఎత్తు 68, దానికి పరుపు మందం 3 కలిపి 71.

ఇంటివారు ఆన్‌లైన్లో 102 సెం.మీ. పొడవని రాసి ఉన్న బోను తెప్పించారు. 100.5కి 102 చాలుతుంది కదా అన్నది లెక్క. ఆ 102 బయటి కొలత. ప్లాస్టిక్ బోనులు అడుగున లోపలికి వాలి ఉంటాయి, టేపు పెట్టి లోపల కొలిస్తే 91. కుక్క లోపల నిలబడి తిరగలేకపోతే కార్గో కౌంటరు దగ్గరే ఆపేస్తారు. పైగా దాని రెండు సగాలనూ పట్టి ఉంచేవి ప్లాస్టిక్ క్లిప్పులు. నట్లు, బోల్టులు ఇనుపవి కావాలి, తలుపు ఇనుప కమ్మీలది కావాలి, గాలి కన్నాలు నాలుగు వైపులా ఉండాలి, నీళ్ల గిన్నె బయట నుంచి నింపేలా తలుపుకు బిగించి ఉండాలి. చక్రాలుంటే ఊడదీయాలి.

పెద్ద సైజు తెచ్చారు: 122, 81, 89 సెం.మీ. దీంతో ఖర్చూ పెరిగింది. కార్గో తూకం నిజమైన బరువు మీద కాకుండా, ఎక్కువగా ఉంటే ఘనపరిమాణం మీద పడుతుంది. మూడు కొలతలూ గుణించి 6000తో భాగించాలి. మొదటి బోనుకు 89 కిలోలు, రెండోదానికి సుమారు 147 కిలోలు. లోపల ఉన్నది 27 కిలోల కుక్కే. అందుకే బోను కొనకముందే ఈ లెక్క వేసి, విమానసంస్థను లిఖితంగా కొటేషన్ అడగాలి.

మార్చి చివర్లో బోనును హాల్లో తలుపు తీసి పెట్టేశారు. మొదటి వారం అన్నం అందులోనే, రెండో వారం మధ్యాహ్నం నిద్ర, మూడో వారం నుంచి తలుపు వేసి పది నిమిషాలు, అరగంట, రెండు గంటలు. మే మొదటికి రాత్రంతా అందులో పడుకుంటోంది. నిద్రమాత్ర ఇవ్వండని ప్రతి ఇంటివారూ అడుగుతారు. ఇవ్వకూడదు. మత్తు మందు రక్తపోటు దించుతుంది, ఒళ్లు వేడిని సర్దుకునే శక్తి తగ్గిస్తుంది, విమానం కుదిపితే కాళ్లు నిలదొక్కుకోలేదు. మత్తులో ఉన్న కుక్కను విమానసంస్థలు తీసుకోవు కూడా.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు జాతుల విషయంలో మా సలహా ఒక్కటే, ఇంట్లో ఉంచి వెళ్లండి. ఐయాటా వాటికి 10 శాతం పెద్ద బోను అడుగుతుంది. గాలి ఆడకపోవడమే వాటి సమస్య, బోను పెంచితే అది తీరదు. పిట్‌బుల్, తోసా, డోగో అర్జెంటినో, ఫీలా బ్రసిలేరో, ఎక్స్‌ఎల్ బుల్లీ అయితే బ్రిటన్ చట్టమే రానివ్వదు.

తిండి

ఈ కుక్క రోజూ తినేది రాగి సంగటి, కోడిమాంసం, రాత్రికి పెరుగన్నం. ఇవేవీ అక్కడికి చేరవు. భారత్ నుంచి మాంసం, పాలపదార్థాలు బ్రిటన్‌లోకి తేకూడదు, బ్యాగులో పెట్టుకున్న కుక్క బిస్కట్లలో మాంసం ఉన్నా తీసేసుకుంటారు. అందుకని రెండు దేశాల్లోనూ దొరికే డ్రై ఫుడ్ ఒకటి ఎంచుకుని మే 1 నుంచి 10 రోజుల్లో మార్చారు: నాలుగో వంతు, సగం, ముప్పావు, పూర్తి. ఒక్కో వాటాకు మూడు రోజులు, సంగటి తగ్గుతూ ఇది పెరుగుతూ. కాటేజీకి పక్క ఊరి దుకాణంలో అదే రకం ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కున్నారు. ఇంత చేసినా కాటేజీలో రెండో రోజు విరేచనాలు పట్టుకున్నాయి, కారణం కాటేజీ యజమానురాలు అతిథులకని ఫ్రిజ్‌లో పెట్టిన పాలు. పిల్లలు గిన్నెడు పోశారు. ఒకరోజు ఉడికిన అన్నం, చికెన్ మీద సర్దుకుంది.

అలాంటి అతిథి బుట్టల్లో స్కోన్లు, ఫ్రూట్ కేకు ఉంటాయి. వాటి నిండా ఎండుద్రాక్షే. కొన్ని కుక్కల్లో కొద్దిపాటి ఎండుద్రాక్ష కూడా మూత్రపిండాలను చెడగొడుతుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ బుట్టను అలమారాలో పెట్టమని చెప్పి పంపాం.

మే 19 నుంచి 22 దాకా

మే 19 పగలు అనంతపురంలో 41 డిగ్రీలు. కాబట్టి బయల్దేరింది రాత్రి 8 గంటలకు. కారును పది నిమిషాలు ఏసీలో తిప్పాకే కుక్కను ఎక్కించారు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి మీదుగా జాతీయ రహదారి 44 వెంట నాలుగు గంటలు. బోను కారులో పట్టదు. రెండు సగాలు విప్పి ఒకదాంట్లో ఒకటి పేర్చి చిన్న గూడ్సు వ్యాన్లో పంపారు, నట్లు, బోల్టులు, స్పానర్ మాత్రం కారులోనే పెట్టుకున్నారు.

మే 20 ఉదయం 10 గంటలకు బెంగళూరులో పశువైద్యుడు ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్రలు మింగించి, తేదీ, గంట, మందు పేరు రాసి సంతకం చేశారు. కిలోకు 5 మి.గ్రా. చొప్పున 135 కావాలి, 50 మి.గ్రా. మాత్రలు మూడు పడ్డాయి. బ్రిటన్‌లో అడుగుపెట్టే గంటకు ముందు 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు ఎక్కువ కాకుండా ఈ మందు పడాలి. అక్కడ లేని ఒక బద్దెపురుగు, మనుషుల కాలేయానికి ఎక్కేది, లోపలికి రాకుండా ఈ ఏర్పాటు. విమానం దిగేది మే 22, అక్కడి మధ్యాహ్నం 1 గంట, మన సాయంత్రం 5:30. ఉదయం 10 నుంచి అప్పటికి 55 గంటల 30 నిమిషాలు. విమానం ఒక రోజు ఆలస్యమైతే 79.5, రెండు రోజులైతే 103.5, అప్పటికీ గడువులోనే. ముందురోజు ఇచ్చుంటే రెండు రోజుల ఆలస్యానికి 120 దాటిపోయేది. తర్వాతి రోజుకు వాయిదా వేస్తే సర్టిఫికెట్ మీద ఎక్కదు. లెక్క ఎప్పుడూ భారత కాలంలో ఒకసారి, బ్రిటన్ కాలంలో ఒకసారి వేసి రెండూ కలుస్తున్నాయో చూసుకోవాలి.

అక్కణ్నుంచి హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం, ఏక్యూసీఎస్. కుక్కను స్వయంగా తీసుకెళ్లాలి. స్కానర్‌తో చిప్ చదివి, టీకా బుక్కు, ల్యాబ్ రిపోర్టు, పాస్‌పోర్టు, టికెట్లు చూసి బ్రిటన్ నమూనాలో ఆరోగ్య సర్టిఫికెట్ ఇస్తారు. సంతకం పడిన 10 రోజుల్లోగా బ్రిటన్‌లో దిగాలి. యజమాని కూడా కుక్కకు ఐదు రోజుల ముందో వెనకో అటూ ఇటుగా ప్రయాణించాలి, లేకపోతే వ్యాపార దిగుమతిగా లెక్కిస్తారు. కార్యాలయానికి ముందే రాసి సమయం తీసుకోవాలి. చివరిరోజు గుమ్మంలో నిలబడితే పని కాదు.

మే 21 రాత్రి 8 గంటలకు గుప్పెడు తిండి. నీళ్ల గిన్నెను ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టించారు, ఎత్తేటప్పుడు ఒలకదు, దారిలో కరుగుతూ తాగడానికి వస్తుంది. అడుగున పీల్చుకునే ప్యాడ్, దాని మీద ఇంటి వాసన ఉన్న పాత దుప్పటి. గడ్డి, వరిగడ్డి వేయకూడదు. తెల్లవారుజామున 2 గంటలకు కార్గో టెర్మినల్‌లో అప్పగించారు, విమానం ఉదయం 7కి. అసలు కాగితాలు కుక్కతో, నకళ్లు ఇంటివారి చేతిలో.

కాటేజీ దగ్గర

లండన్ హీత్రో విమానాశ్రయంలో జంతువులు దిగే కేంద్రంలో తనిఖీ, కస్టమ్స్ కలిసి నాలుగు గంటలు పట్టింది. సరుకుగా వచ్చింది కాబట్టి అక్కడ క్లియరింగ్ ఏజెంటు తప్పనిసరి. ఆ రాత్రి లండన్ శివార్లలో ఉండి, మర్నాడు 450 కిలోమీటర్ల పైన కారులో. కారులో కుక్క విడిగా తిరగకూడదు, సీటుబెల్టుకు తగిలించే హార్నెస్ కావాలి. అద్దె కారు కంపెనీ కుక్కను ఒప్పుకుంటుందో లేదో ముందే రాయించుకోవాలి.

కాటేజీ ప్రకటనలో 'కుక్కలకు స్వాగతం' అని ఉంటే పెరడుకు కంచె ఉందని కాదు. అడగాల్సిన ప్రశ్నలు: గోడ ఎత్తెంత, గేటుకు గొళ్లెం ఉందా, పక్క పొలంలో ఏం మేస్తాయి, కుక్కను ఒంటరిగా వదిలి బయటికి వెళ్లవచ్చా, దగ్గర్లో పశువైద్యశాల ఎంత దూరం. ఇక్కడ గోడ ఎత్తు మూడున్నర అడుగులే, లాబ్రడార్‌కు అది ఒక గెంతు.

గోడకు ఆవల గొర్రెలు, మే నెల కాబట్టి వాటి పిల్లలు. మన దగ్గర మంద పక్కన కర్ర పట్టుకున్న కాపరి, ఆయన కుక్కలు ఉంటాయి, మన కుక్క తరిమితే ఆయన అదిలిస్తాడు, గొడవ అక్కడితో సరి. అక్కడ మైదానమంతా చూసినా మనిషి కనపడడు, అలాగని గొర్రెలు ఎవరివీ కావనుకోకూడదు. పశువులను కుక్క వేధించడం 1953 చట్టం ప్రకారం నేరం, కొన్ని పరిస్థితుల్లో రైతు ఆ కుక్కను కాల్చినా చట్టం తప్పుపట్టదు. ప్రజలు నడవడానికి తెరిచి ఉంచిన కొండభూముల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్క 2 మీటర్లకు మించని తాడు మీదే ఉండాలి. పశువుల దగ్గర ఏ నెలలోనైనా అంతే.

ఇందుకే ఏప్రిల్‌లో నెలరోజులు ఊరి బయట సాధన చేయించారు. సాయంత్రం మందలు తిరిగొచ్చే వేళ 50 గజాల దూరంలో కూర్చోబెట్టి, గొర్రె వైపు కాకుండా యజమాని మొహం చూసిన ప్రతిసారీ ఒక చికెన్ ముక్క. వారానికి పది గజాలు దగ్గరికి. అయినా కాటేజీకి చేరిన నాలుగో రోజున జరిగింది ఇది: ఐదు మీటర్లు సాగే రీలు తాడు పట్టుకుని నడుస్తున్నారు, గోడ వార నుంచి గొర్రెపిల్ల ఒకటి లేచింది, కుక్క దూకింది, రీలు ఐదు మీటర్లూ ఒక్క క్షణంలో తిరిగిపోయి చివర్లో గట్టిగా గుంజింది. సన్నని తాడును చేత్తో ఆపబోయిన పెద్దబ్బాయి అరచెయ్యి కోసుకుపోయింది. గొర్రెపిల్లకు ఏమీ కాలేదు. మర్నాడు ఊళ్లో వెడల్పాటి పట్టీ ఉన్న, సాగని 2 మీటర్ల తాడు కొన్నారు. రీలు తాడు మన వీధిలోనూ మంచిది కాదు, అది వేరే సంగతి.

ఆవులకు లెక్క తిరగబడుతుంది. దూడలున్న ఆవులు కుక్కను చూసి మీదికొస్తే తాడు వదిలేయాలి. కుక్క పరిగెత్తి తప్పించుకుంటుంది, పట్టుకుని నిలబడ్డ మనిషే తొక్కిసలాటలో పడతాడు.

మెడపట్టీకి యజమాని పేరు, చిరునామా ఉన్న బిళ్ల బ్రిటన్‌లో చట్టం, 1992 నుంచి. దాని మీద అక్కడి మొబైల్ నంబరు కూడా చెక్కించారు. కుక్క తప్పిపోతే అక్కడివాళ్లు చిప్ చదవగలరు గానీ, ఆ నంబరు వాళ్ల డేటాబేసులో ఉండదు. బిళ్లే దిక్కు.

పాముల్లో అక్కడ విషం ఉన్నది ఆడర్ ఒక్కటే, ఎండ కాచే మే, జూన్‌లో రాళ్ల మీద పడుకుంటుంది. కాటు పడితే కట్టు కట్టకుండా, నడిపించకుండా, ఎత్తుకుని పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. రక్తపింజరిని చూసిన వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఆరో రోజున చెవి వెనక గసగసంత పిడుదు ఒకటి కనపడింది, ముట్టుకుంటే రాలిపోయింది, మాత్ర పనిచేస్తున్నట్టే. ఇక నత్తలు. తడి నేలలో ఎక్కడ చూసినా అవే, వాటి నుంచి ఊపిరితిత్తుల పురుగు వస్తుంది. రాత్రి నీళ్ల గిన్నె బయట ఉంచకూడదు.

ఎవరూ ముందుగా ఊహించనిది వెలుతురు. మే చివర్లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు పొద్దు కుంకుతుంది, ఐదు గంటలు కాకముందే తెల్లవారుతుంది. కుక్క నాలుగున్నరకే లేచి తలుపు గీకడం మొదలుపెట్టింది. కిటికీకి నల్లటి దుప్పటి కట్టాక అందరూ నిద్రపోయారు. ఆరేడు డిగ్రీల ఉదయపు చలికి వాన కోటు ఒకటి చాలింది.

తిరుగు ప్రయాణం, తర్వాత

మే చివరి సోమవారం అక్కడ సెలవు, ఆ వారం బడులకూ సెలవులే. అందుకని తిరుగు సర్టిఫికెట్ ఇచ్చే అధికార పశువైద్యుడి సమయం అనంతపురంలో ఉండగానే తీసుకున్నారు, జూన్ 4కి. భారత్‌కు వచ్చే కుక్కకు రేబిస్ టీకా నెల దాటి, ఏడాది లోపలిదై ఉండాలి, జనవరి 9ది సరిపోయింది. డిస్టెంపర్, పార్వో, లెప్టో టీకాలు జనవరిలోనే వేసి ఉన్నాయి. మామూలుగా విదేశం నుంచి పెంపుడు కుక్కను తేవడానికి అక్కడ రెండేళ్లు ఉండి మకాం మార్చుకుని వచ్చేవారికే వీలు. ఇక్కణ్నుంచి వెళ్లి వచ్చే కుక్క సంగతి వేరని చూపేది ఏక్యూసీఎస్ ఇచ్చిన ఎగుమతి సర్టిఫికెటే. కాబట్టి దాని అసలు ప్రతి పోగొట్టుకోకూడదు, తిరుగు అనుమతి కోసం వెళ్లేముందే అదే కార్యాలయానికి రాసి ఉంచుకోవాలి. జూన్ 8న కుక్క బెంగళూరులో దిగింది.

జులై 10న పరీక్ష: ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు, మలంలో ఊపిరితిత్తుల పురుగు పిల్లలు లేవు, బరువు 26.4 కిలోలు.

ఒక లాబ్రడార్‌ను రెండు వారాల కాటేజీ కోసం రెండుసార్లు కార్గోలో పంపడం తగునా అంటే, మూడు వారాలకు తక్కువైతే వద్దనే చెబుతాం. ఈ కేసు ఆ గీతకు తక్కువే. అయినా బోనుకు అలవాటు పడిన, నాలుగేళ్ల, ఆరోగ్యమైన కుక్క కాబట్టి సాగింది. పదేళ్ల కుక్క అయితే అవ్వ దగ్గర వదిలి వెళ్లమనేవాళ్లం.

మళ్లీ వెళ్లే ఆలోచన ఉందట. 4.1 రిపోర్టు ఇంకా చెల్లుతుంది, రక్తపరీక్ష, మూడు నెలల ఎదురుచూపు మళ్లీ అక్కర్లేదు, కానీ తర్వాతి రేబిస్ సూది వచ్చే జనవరి 8 దాటకుండా పడాలి. ఒక్కరోజు దాటినా మొదటికే. బుక్కు అట్ట మీద ఆ తేదీ ఎర్ర సిరాతో రాసిచ్చాం.